వంతు దీపం

ఆ ఏడాది జూలై మొదట్లో ఒక మధ్యాహ్నం, మా సైమి ఫోను చూసుకుంటూ వ్యాను వెనక అలాగే నిలబడిపోయింది. స్పీకరు ఒక కొస నేను పట్టుకుని ఉన్నాను. రెండో కొస తను పట్టుకోవాలి.

"పట్టుకోవే, చేతులు పడిపోతున్నాయి," అన్నాను.

"మామయ్యా, రెండిట్లోనూ వచ్చింది."

"ఏం వచ్చింది?"

"సీటు. ఇక్కడా వచ్చింది, హెల్సింకీలోనూ వచ్చింది."

స్పీకరు కింద పెట్టాను. సైమి మా చెల్లెలు సాతు కూతురు. నేను పెళ్ళీ గిళ్ళీ చేసుకోలేదు, వాళ్ళింట్లో పైగదిలో ఉంటాను. చలికాలమంతా మునిసిపాలిటీ వాళ్ళ మంచు తోసే బండి నడుపుతాను, ఎండాకాలం వస్తే హౌకిసెల్కా సరస్సు ఒడ్డున ఉన్న చెక్క డాన్సు హాలుకి సౌండు చూస్తాను. ఎలక్ట్రీషియను చదువు మధ్యలో వదిలేసిన మనిషిని. ఎవరైనా నన్ను సౌండ్ ఇంజనీరు అంటే అటూ ఇటూ చూస్తాను, ఎవర్ని అంటున్నారా అని. మైకుసెట్టువాణ్ణి, అంతే.

సైమి చిన్నప్పట్నించీ నా వెనకే తిరిగింది. వైరు ఎలా చుట్టాలో, ఒక చుట్టు పైనుంచి ఒక చుట్టు లోపలినుంచి, మెలిపడకుండా, అదంతా నేను నేర్పిందే. తలుపు పక్కన కూర్చున్న ముసలాయనకి పాట ఎంత వినపడాలో, నాట్యం చేస్తూ మాట్లాడుకునే జంటకి ఎంత తగ్గాలో, అదీ నేను చెప్పిందే. ఆ పిల్ల సౌండు చదువుతానంటే నాకు కాలరు ఎగరేసినట్టే ఉండేది. రెండుచోట్ల దరఖాస్తు పెట్టింది. మా దగ్గరి పట్టణంలో ఉన్న కాలేజీలో స్టేజీ సౌండు నేర్పుతారు, బస్సులో గంట ప్రయాణం. రాజధాని హెల్సింకీలో సినిమా సౌండు. అక్కడ తీసుకునేదే వేళ్ళమీద లెక్కపెట్టేంతమందిని, రాదులే అనుకున్నాను. అనుకోవడమేంటి, రాకూడదనే ఉంది నాకు.

"మంచిదేగా," అన్నాను. "దగ్గర్లో వచ్చిందిగా. ఇంక బెంగేముంది."

సైమి నావంక చూడలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని పడవల రేవు వైపు నడిచింది. "నాన్నా," అనడం వినిపించింది. మొదట వాడికి చేసింది. వాళ్ళమ్మకి కూడా కాదు, వాడికి.

ఆ స్పీకరు నేనొక్కణ్ణే దించుకున్నాను. ఇద్దరు మోయాల్సిన బరువు. నడుం పట్టేసింది, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

*

ఇల్పో రెండ్రోజుల్లో దిగాడు. మా మాజీ బావ. సైమి రెండో తరగతిలో ఉండగా సాతూ అతనూ విడిపోయారు. అరుపులూ కేకలూ ఏమీ లేవు, హెల్సింకీలో పని, ఇక్కడ ఈమె ఉద్యోగం, మెల్లిగా దారాలు ఊడిపోయాయి. సినిమాలకి సౌండు చేస్తాడు. క్రిస్మస్‌కి వచ్చేవాడు, ఎండాకాలం ఓ వారం వచ్చేవాడు. ఈసారి రెండు సినిమాల మధ్య ఖాళీ వచ్చిందట, పెరట్లోని ఆవిరిస్నానం గదిలో మంచం వేసుకుని ఉంటానన్నాడు. సాతు సరేనంది.

"అడక్కుండానే సరేనన్నావా," అన్నాను చెల్లెలితో.

"ఎవర్ని అడగాలన్నయ్యా, నిన్నా?" అంది ఉల్లికాడలు తరుగుతూ.

వాడు చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది. చెడ్డవాడు కాదు. వచ్చిన సాయంత్రమే చేపలు శుభ్రం చేశాడు, గిన్నెలు కడిగాడు, నన్ను "ఏం బావా, నడుం పట్టేసిందా, అలా వంగి నడుస్తున్నావు" అని అడిగాడు. ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ కనిపెట్టనిది వాడు కనిపెట్టాడు. అది కూడా నాకు నచ్చలేదు.

రెండిట్లో ఒక్క సీటే ఒప్పుకోవాలి. అది మా దేశంలో నియమం. ఒకటి ఒప్పుకుంటే ఆ ఏటికి రెండోది పోయినట్టే. పైవారం సోమవారం మధ్యాహ్నం మూడింటికల్లా చెప్పెయ్యాలి. ఆ వారమంతా మా వంటింటి బల్ల దగ్గర ఇంకో మాట లేదు.

"పనులెలా ఉంటాయి నాన్నా, నిజం చెప్పు," అంది సైమి మొదటిరోజే.

"నిజమా? ఒక సినిమా ఉంటే ఆరు నెలలు నిద్ర ఉండదు. తర్వాత మూడు నెలలు ఫోను మోగదు," అన్నాడు ఇల్పో. "కంప్యూటరు ఆటలు తయారుచేసే కంపెనీలున్నాయి ఇప్పుడు, వాళ్ళకి సౌండువాళ్ళు కావాలి, నెలనెలా జీతం ఇస్తారు. కానీ రోజంతా కత్తుల చప్పుళ్ళు, అడుగుల చప్పుళ్ళు. కొందరు రేడియోలో పడతారు. నాతో చదివిన ఒకామె చెవిటివాళ్ళ మిషన్లు తయారుచేసే చోట చేరింది, మా అందరికన్నా ఆమే హాయిగా ఉంది."

"మరి ఇక్కడ చదివితే?" అని సైమి నావైపు తిరిగింది.

నేను ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. "ఇక్కడ చదివితే ఊరి నాటకశాలలో పర్మనెంటు ఉద్యోగం. స్వీడనుకి పోయే పెద్ద ఓడల్లో రోజూ బ్యాండు ఉంటుంది, రోజూ సౌండువాడు కావాలి. చర్చిలున్నాయి. అన్నిటికన్నా ముందు, ఎండాకాలం హాలు ఉండనే ఉంది."

"ఆ నాటకశాలలో ఉద్యోగం ఒకటే కదా బావా," అన్నాడు ఇల్పో నెమ్మదిగా. "అందులో ఉన్నాయన నాకన్నా చిన్నవాడు."

"ఎవడూ శాశ్వతం కాదు."

"ఇప్పుడు ఆయన పోవాలని మొక్కుకుందామా?"

సైమి నవ్వింది. నాకు బంగాళదుంప గొంతులో అడ్డంపడింది. సాతు వెన్న గిన్నె ఇటు తోసి, "పడవ బేరానికొచ్చిన వాళ్ళలా ఉన్నారు ఇద్దరూ. పిల్లని కాస్త తిననివ్వండి," అంది.

నన్ను కాల్చింది వాడి జవాబు కాదు. సైమి వాడి మాట వినేటప్పుడు తల కొంచెం వంచేది. హాల్లో ఎక్కడో స్పీకరు బరబరమంటుంటే ఏదో కనిపెట్టేటప్పుడు అలా వంచుతుంది. ఆ తల వంచడం నాకు తెలుసు. నా మాటకి ఎప్పుడూ అలా వంచలేదు. వంచిందేమో, నేను సౌండు మీటల బోర్డు మీద చూపు పెట్టి గమనించలేదేమో. తెలీదు.

మర్నాడు ఇద్దరూ నా పడవ వేసుకుని సరస్సులోకి పోయారు. ఇల్పో తెడ్లు వేస్తున్నాడు, పిల్ల పొడుగాటి కర్రకి మైకు కట్టి నీళ్ళమీదికి పట్టుకుంది. చెవులకి హెడ్‌ఫోన్లు ఒకసారి తను పెట్టుకుంటుంది, ఒకసారి వాడికి పెడుతుంది. నేను ఒడ్డునుంచి చూస్తున్నాను. వాళ్ళు ఏం వింటున్నారో నాకు వినపడదు. ఒక కొంగ ఎగిరింది, ఇద్దరూ ఒకేసారి అటు తిరిగారు, ఒకే మనిషికి రెండు తలలున్నట్టు.

హెల్సింకీ కాలేజీ వాళ్ళు ఏదైనా చోటుని చప్పుళ్ళతోనే చూపించమని అడిగారట ప్రవేశానికి. సైమి మార్చిలో సరస్సు మీది మంచుగడ్డ పగిలే చప్పుడు పట్టి పంపింది. దాన్ని ఇల్పో వినడం నేను చూశాను, బల్ల దగ్గర కళ్ళు మూసుకుని.

"మైకు ఎక్కడ పెట్టావే?" అన్నాడు.

"మామయ్య పడవ బోర్లించి ఉంటుందిగా ఒడ్డున, దాని కింద."

"అబ్బ," అన్నాడు. "పడవ కిందా."

ఆ పూటకి నాకు కడుపు చల్లబడింది. నా పడవ. కానీ ఆ చప్పుడు నేనింతవరకూ వినలేదని అప్పుడే తట్టింది. తను వినిపించలేదు, నేను అడగలేదు.

ఆ రాత్రి ఫేస్‌బుక్కులో మా సౌండువాళ్ళ గుంపులో ఒక ప్రశ్న పెట్టాను. "డాన్సు హాళ్ళ పని తెలిసిన పిల్లకి దగ్గర్లో మంచి కాలేజీ ఉండగా అంత దూరం పోవడం అవసరమా" అని. అలా అడిగితే ఎవడైనా ఏం చెప్తాడు? అందరూ అవసరం లేదనే రాశారు. ఒకడు మాత్రం, ఎవడో నాకు తెలీనివాడు, "హెల్సింకీలో సీటొచ్చి కూడా అడుగుతున్నావంటే నువ్వు పిల్ల కోసం అడగట్లేదు" అని రాశాడు. ఆ ముక్క చెరిపేద్దామని చూస్తే నాకు చెరపడం రాలేదు. ప్రశ్న మొత్తమే తీసేశాను.

*

ఆదివారం పగటి డాన్సు. మూడింటికల్లా హాలు నిండిపోయింది. మా దగ్గర పద్ధతి ఇదీ: ఒక గోడవారన ఆడవాళ్ళు, ఎదుటి గోడవారన మగవాళ్ళు. మగవాళ్ళ వంతులో మగవాళ్ళు దాటి వెళ్ళి అడగాలి, ఆడవాళ్ళ వంతులో ఆడవాళ్ళు. అడిగితే కాదనకూడదు. రెండు పాటలు కలిసి ఆడాక, తీసుకొచ్చిన చోట దిగబెట్టాలి. మూడో పాట ఆడితే ఊరంతా మాట్లాడుకుంటుంది. ఎవరి వంతో చెప్పడానికి స్టేజీ పైన రెండు దీపాలున్నాయి. ఆ దీపాల స్విచ్చి ఎప్పుడో నేనే బిగించాను, హాలు పక్కనే ఉన్న కాఫీ కొట్టు గోడకి, మీటరు అక్కడుంది కాబట్టి. నేనే వేస్తాను, నేనే తీస్తాను. ఇంకెవరికీ దాని ఊసే పట్టదు.

ఆ రోజు నేను సైమికి చెప్పాను, "ఇవాళ బోర్డు మొత్తం నీదే. నేను కాఫీ తాగుతాను" అని. మంచి మనసుతో చెప్పినట్టే చెప్పాను. లోపలున్నది వేరు. వాళ్ళ నాన్న చూడాలి, నా దగ్గర ఎంత నేర్చుకుందో. ఇంకో మాట కూడా ఉంది. నేను లేకపోతే ఏమవుతుందో ఇద్దరూ చూడాలి.

మొదటి గంట బ్రహ్మాండంగా గడిచింది. అది నాకు అంత బాగుండలేదు. ఇల్పో బోర్డు పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు, పిల్ల చెవిలో ఏదో చెప్తాడు, తను తల వంచుతుంది, వేలు కదుపుతుంది. సాతు ఎర్ర గౌను వేసుకొచ్చింది, నాలుగైదుసార్లు ఆడింది.

విరామం వచ్చింది. దీపాలు తీసేశాను. కాఫీ కొట్టు నడిపే తెర్తక్క దగ్గర కాఫీ పోయించుకుని, మాంసం పెట్టిన బన్ను ఒకటి తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆ కిటికీలోంచి హాలు లోపలికి కనపడుతుంది. ఇల్పో జేబులోంచి హెడ్‌ఫోన్లు తీసి పిల్లకి పెట్టాడు. విరామంలో కూడా వదలడు. ఏముంటుందయ్యా వాళ్ళకి అంత వినడానికి అనుకుంటూ బన్ను నములుతున్నాను. బ్యాండు మళ్ళీ ఎక్కింది. పాటగాడు కలేవి మైకు పట్టుకుని టాంగో అందుకున్నాడు.

చెక్క హాల్లో పాట మొదలవగానే కింద ఇంకో చప్పుడు మొదలవుతుంది, కాళ్ళది. వంద జతల చెప్పులు నేలమీద రాసుకునే చప్పుడు. ముప్ఫై ఏళ్ళుగా అది నా చెవుల్లో ఉంది, గడియారంలా. ఆ పూట అది రాలేదు.

తలెత్తి చూశాను. నేల ఖాళీగా ఉంది. ఇటు ఆడవాళ్ళ వరస, అటు మగవాళ్ళ వరస, మధ్యలో ఉత్త చెక్క నేల. ఎవరూ కదలట్లేదు. కలేవి పాడుతూనే ఉన్నాడు, కళ్ళు మాత్రం బోర్డు మీద.

సైమి హెడ్‌ఫోన్లు తీసేసింది. ఒక మీట తగ్గించింది, ఇంకోటి పెంచింది. ఇల్పో లేచి నిలబడి, చెయ్యి కిందికి చూపించాడు, బేసు తగ్గించమని. తగ్గించింది. పాట ఎండిపోయినట్టయింది. మళ్ళీ పెంచింది. ఎవరూ కదలరే. పిల్ల మొహం ఎర్రబడింది. ఇల్పో వంగి ఏదో చెప్పాడు, తను తల అడ్డంగా ఊపింది.

నాకు ఎంత ఆనందమేసిందో చెప్పలేను. చూశావా, ఇది సినిమా కాదు అనుకున్నాను. చీకట్లో ఒక్కడివే కూర్చుని కత్తిరించి అతికించుకునే పని కాదు, ఇక్కడ మనుషులుంటారు, నచ్చకపోతే నేలమీదికే రారు అనుకున్నాను. ఇక నన్ను పిలుస్తారు. పిలిస్తే కాఫీ పూర్తిచేసి మెల్లిగా లేవాలి.

"ఒస్మో," అంది తెర్తక్క వెనకనించి, కప్పు తుడుస్తూ. "ఎంతసేపు నిలబెడతావు జనాన్ని?"

"నేను నిలబెట్టడమేంటక్కా, సౌండు అలా ఏడిస్తే."

"సౌండుకేం, నిక్షేపంలా ఉంది. దీపం ఏదీ?"

స్విచ్చి నా తల పక్కనే ఉంది. చెయ్యి చాస్తే తగుల్తుంది. విరామం అయ్యాక ఆడవాళ్ళ వంతని హాల్లో ప్రతి మనిషికీ తెలుసు. తెలిసినా దీపం వెలక్కుండా మా వాళ్ళు అడుగు వెయ్యరు. అడుగేసి తప్పయితే, ఆ గోడదాకా అంతమంది ముందు నడిచి వెనక్కి రావాలి. దానికన్నా నిలబడి చచ్చిపోవడం నయం మాకు.

దీపం వేశాను. అంతే, ఆడవాళ్ళ వరస ఒక్కసారి కదిలింది. కాళ్ళ చప్పుడు మొదలైంది.

మా సాతు అందరితోపాటు మగవాళ్ళ గోడ వైపు పోలేదు. తిన్నగా బోర్డు దగ్గరికి నడిచి ఇల్పో ముందు నిలబడింది. అడిగితే కాదనకూడదు కదా. వాడు చెయ్యి ఇచ్చాడు. మా చెల్లెలు ఆడుతూ వాడికేదో చెప్తూనే ఉంది, రెండు పాటలూ. వాడు వింటున్నాడు. ఇంతవరకూ ఆ మనిషి మీద మంటకి ఒక చోటే ఉండేది, ఇప్పుడు రెండో చోట కూడా మొదలైంది.

బోర్డు దగ్గర సైమి ఒక్కతే ఉంది. నన్నే చూస్తోంది, కిటికీలోంచి. నా మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా దిగలేదని అప్పుడు తెలిసింది.

*

అంతా సర్ది వ్యానులో ఎక్కించేసరికి ఎండ సరస్సు మీదికి వాలింది. ఇంటికి రావాలంటే మేము నీళ్ళు దాటాలి. తాడుతో లాగే పడవ ఒకటుంది, కార్లని ఎక్కించుకుంటుంది. అది అవతలి ఒడ్డున ఉంది. ఇంజను ఆపి కూర్చున్నాం, నేనూ సైమీ. సాతూ ఇల్పో ముందే కారులో వెళ్ళిపోయారు.

"నవ్వావు మామయ్యా," అంది.

నేను అవతలి ఒడ్డు వైపు చూశాను.

"నేను సౌండు పాడుచేశాననుకుని నవ్వావు."

"నిన్ను కాదే. మీ నాన్న బేసు తగ్గించమంటుంటే."

"బోర్డు దగ్గర కూర్చుంది నేను."

అవతలి ఒడ్డున గేటు పైకి లేచింది. ఒక ట్రాక్టరు ఎక్కుతోంది పడవమీదికి. మెల్లిగా, తొందరేమీ లేనట్టు.

"కోపంగా ఉందా?" అన్నాను.

"ఉంది. కానీ అది కాదు ఇప్పుడు." కాళ్ళు ముందు అద్దం కింద పెట్టుకుంది, చిన్నప్పుడు పెట్టుకున్నట్టే. "రేపు మూడింటికి చెప్పాలి. వారం నుంచీ అందరూ నాకేది మంచిదో చెప్తున్నారు. నన్ను పక్కన పెట్టు. నాన్నని కూడా పక్కన పెట్టు. నీకు పంతొమ్మిదేళ్ళు. ఆ రెండు సీట్లూ నీకొచ్చాయి. నువ్వెక్కడికి పోతావు?"

"నాకెవడిస్తాడే సీటు."

"ఇచ్చారు అనుకో."

పడవ బయల్దేరింది. తాడు నీళ్ళలోంచి లేస్తూ బొట్లు రాలుస్తోంది. ఇక్కడికి రావడానికి నాలుగు నిమిషాలో ఐదో పడుతుంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఇక్కడే అంటే తను నమ్ముతుంది. నమ్మాలని చూస్తోందని కూడా నాకు తెలుస్తోంది. వారమంతా నేను తవ్వుకుంటూ వచ్చిన కాలవలోకి నీళ్ళు వచ్చి నిలబడ్డాయి, గట్టు తీస్తే చాలు.

"హెల్సింకీ," అన్నాను.

"ఎందుకు?"

"ఇక్కడ నేర్పేదాంట్లో సగం నాకు తెలుసు. అక్కడ ఏం నేర్పుతారో నాకు ఒక్క ముక్క తెలీదు."

 సైమి తల కొంచెం వంచి కూర్చుంది.

పక్కన కూర్చున్న ఆ పిల్ల మోకాళ్ళు చూస్తున్నాను, చిరిగిన ఫ్యాంటు, చేతికి వైరు నలుపు. పంతొమ్మిదేళ్ళప్పుడు నా చేతులకీ ఆ నలుపే ఉండేది. నన్ను ఎవరూ ఎక్కడికీ పిలవలేదు, నేను ఎవర్నీ అడగలేదు. ఇన్నాళ్ళూ ఆ మంట ఇల్పో మీద అనుకున్నాను. సగం ఈ పిల్ల మీదే. తెలిశాక కూడా అది తగ్గలేదు, ఊరికే చోటు మారి కూర్చుంది.

పడవ వచ్చి ఒడ్డుకి తగిలింది. ఇంజను స్టార్టు చేశాను.

*

సోమవారం మధ్యాహ్నం భోజనానికి కొత్త బంగాళదుంపలు, ఉప్పుచేప, సోయికూర చల్లిన పెరుగు. బల్ల చుట్టూ నలుగురం. సైమి తినడం అయ్యాక పళ్ళెం పక్కకి నెట్టి ఫోను తీసింది. సీట్ల పేజీ తెరవాలంటే, మనిషి తనేనని తేల్చుకోవడానికి బ్యాంకు నంబర్లు అడుగుతుంది, అవి ఒకసారి తప్పు కొట్టింది, రెండోసారి సరిగ్గా కొట్టింది. మేము ముగ్గురం ఎవరి పళ్ళెంలోకి వాళ్ళం చూసుకుంటున్నాం. సాతు ఒకే దుంపని నాలుగు ముక్కలు చేసి, మళ్ళీ ఎనిమిది చేసింది.

"నొక్కేశాను," అంది సైమి.

"ఏది?" అంది సాతు.

"హెల్సింకీ."

సాతు లేచి కూతురి తలమీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండానే కాఫీ పెట్టడానికి చూసింది, కుదర్లేదు. నేను "మంచి పని చేశావు" అన్నాను. గొంతు బాగానే వచ్చింది.  ఇల్పో కుర్చీ వెనక్కి నెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి కట్టెలు కొట్టే చప్పుడు మొదలైంది.

గెలిచినవాడు అలా లేచిపోవడమేంటో నాకర్థం కాలేదు. ఇంకా ఉడుకు పుట్టింది. కాఫీ కప్పు పట్టుకుని బయటికి వెళ్ళాను.

"ఏం బావా, కూతురికి ఒక్క మాటైనా చెప్పవా?" అన్నాను.

గొడ్డలి దించి, నుదురు తుడుచుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దాన్ని ఇక్కడే చేరమన్నాను," అన్నాడు.

"ఎప్పుడు?"

"నిన్న. డాన్సు అయ్యాక, నువ్వు వైర్లు చుడుతున్నప్పుడు. సాతు అంది ఆడేటప్పుడు, పిల్లని పెంచింది ఎవరు, ఇప్పుడొచ్చి తీసుకుపోయేది ఎవరు అని. నిజమే అనిపించింది. వెళ్ళి చెప్పాను. అమ్మా, మీ మామయ్య దగ్గరే ఉండు, అక్కడ లేనిదేదో ఇక్కడుంది అని." ఒక కట్టె తీసి మొద్దుమీద నిలబెట్టాడు. "విన్లేదు. దాని ఇష్టం."

నేను కాఫీ తాగాను. చల్లారిపోయింది.

అంటే వ్యానులో నన్నడిగేటప్పటికే ఆ పిల్లకి తెలుసు. తండ్రి చేతులారా వదిలేసుకున్నాడని తెలిసే నన్నడిగింది. రాత్రంతా నేను, ఇంత పెద్ద మనసు ఎవడికుంటుంది, 'ఇక్కడే' అన్న మాట నోటిదాకా వచ్చినా మింగేశాను అని మంచంమీద దొర్లుతూ నా భుజం నేనే తట్టుకున్నాను. అక్కడ కూడా వీడు నాకంటే అరగంట ముందున్నాడు.

"నువ్వేం చెప్పావు దానికి?" అన్నాడు ఇల్పో.

"నన్నేం అడగలేదు," అన్నాను.

వాడు తలూపి గొడ్డలెత్తాడు. కట్టె మధ్యకి చీలి రెండువైపులకీ పడింది, రెండు ముక్కలూ సమానంగా. ఇంకోటి పెట్టాడు. అదీ అంతే.

"ఇలా ఇవ్వు గొడ్డలి," అన్నాను. "నీకు కొట్టడం రాదు."

నడుం ఇంకా పట్టేసే ఉంది. వాడు బాగానే కొడుతున్నాడు.